మార్లిస్ తేత ఇల్లు కదిపిన వారం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ ఇల్లు కదిపి చూడు అన్నవాడు ఎవడూ లేడు. ఉత్తర మిన్నెసోటాలో మా ఇనప గనుల వైపు ఆ సామెత పుట్టి ఉంటే మూడో ముక్క కూడా తప్పకుండా చేర్చేవాళ్ళు. ఇక్కడ నేల కంపెనీది, ఇల్లు మనది. కింద ఖనిజం ఉందని తేలిన రోజున నేల తనదని కంపెనీకి గుర్తొస్తుంది, ఇల్లు మనదని మనకి గుర్తొస్తుంది. ఇంకేముంది, జాకీలు పెట్టి ఇంటిని నేల మీంచి లేపడం, కింద ఇనప దూలాలు తోయడం, చక్రాలు కట్టి లారీతో లాక్కుపోవడం. ఇల్లు మారుస్తున్నామంటే మాకు తెలిసిన అర్థం అదొక్కటే. గిన్నెలు కూడా అల్మరాలో ఎక్కడివక్కడే ఉంటాయి.

అందుకని మార్లిస్ స్కూబిక్ ఆ వేసవి చివర కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి, అక్టోబరులో ఇల్లు మారుస్తున్నామని చెప్పినప్పుడు ఉన్న మాటే చెప్పింది. అవతల ఫోనెత్తిన కిర్‌స్టెన్ అనే అమ్మాయి, వీళ్ళు వేరే ఇంటికి మారుతున్నారని అర్థం చేసుకుంది. కొత్తింట్లో పడగ్గదులెన్ని అని ఆ అమ్మాయి అడిగింది. ఇప్పుడున్నవే అని మార్లిస్ చెప్పింది. కిటికీలు పెద్దవేనా అంటే అవీ ఇప్పుడున్నవే అంది. అయితే మంచి ఇల్లే దొరికిందన్నమాట అని కిర్‌స్టెన్ సంతోషించింది. ఇద్దరూ నవ్వుకుని ఫోన్లు పెట్టేశారు. తప్పెవరిదంటే, భాషదని సరిపెట్టుకోవాలి.

మార్లిస్‌కి అరవై దగ్గర పడుతోంది. మార్టెన్ లోకేషన్ అని గనివాళ్ళ పాత పేట ఒకటి ఉండేది, అందులో పుట్టి అందులోనే పెరిగిన మనిషి. భర్త రూడీ గనిలో పనిచేసి రిటైరయ్యాడు, మోకాళ్ళని మాత్రం గనిలోనే వదిలేసి వచ్చాడు. సొంత పిల్లలు లేరు. అమ్మానాన్నల దగ్గర ఉండే వీలులేని పిల్లల్ని కౌంటీవాళ్ళు తెచ్చి అప్పగిస్తే, వాళ్ళ గతి తేలేదాకా కడుపులో పెట్టుకుని చూసుకోవడం మార్లిస్ పని. ఫాస్టర్ తల్లి అంటారు. దానికో లైసెన్సు ఉంటుంది. మెట్లకి కటకటాలున్నాయా, పొగ వస్తే మోగే గంటలు పనిచేస్తున్నాయా, తుపాకి బీరువాలో పెట్టి తాళం వేశారా, నిప్పంటుకుంటే పిల్ల కిటికీలోంచి బయటపడగలదా అని ఇల్లంతా చూసి ఇస్తారు. వచ్చిన పిల్లలందరూ ఆమెను తేత అనేవాళ్ళు. స్లొవేనియా నుంచి వచ్చిన వాళ్ళ పూర్వీకుల భాషలో అత్త అని.

అప్పుడు వాళ్ళింట్లో ఉన్నది కోరా ఒక్కతే. పదేళ్ళది. ముందటి చలికాలంలో వచ్చింది, నల్లటి చెత్తసంచిలో బట్టలు కుక్కుకుని. అంతకు ముందు ఐదు ఇళ్ళు తిరిగింది, ఇది ఆరోది. ప్రతి చోటా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఎవరో ఒకరు వంటింట్లోంచి ఓ చెత్తసంచి లాగి ఇచ్చినవాళ్ళే. ఆ పిల్ల సంచిని పారెయ్యకుండా మడిచి పరుపు కింద దాచుకుంది. దుప్పట్లు మార్చేటప్పుడు మార్లిస్‌కి అది కనపడుతూనే ఉండేది. చూసి, మళ్ళీ ఉన్నచోటే ఉంచేది. పిల్ల ఆస్తి మీద చెయ్యి వెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం భోజనాల దగ్గర, వచ్చే నెల ఇల్లు మారుస్తున్నామని మార్లిస్ మామూలుగా అనేసింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే కోరా గదిలో సొరుగులన్నీ ఖాళీ. వీధి గుమ్మం పక్కన మూతి ముడేసిన నల్ల సంచి. పిల్ల దాని మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"నన్నెక్కడికి పంపిస్తున్నారు?" అని అడిగింది. ఏడవలేదు. బస్సెప్పుడని అడిగినట్టు అడిగింది.

మార్లిస్ వచ్చి పక్కన నేల మీద చతికిలబడి, మారేది మనుషులు కాదు, ఇల్లు అని చెప్పడం మొదలుపెట్టింది. జాకీల గురించి, దూలాల గురించి, చక్రాల గురించి చెప్పింది. తన అమ్మమ్మ కాలంలో ఇదే ఇంటిని పాత గని గుంట పక్క నుంచి ఇక్కడికి లాక్కొచ్చారని చెప్పింది. ఆ రోజు అమ్మమ్మ అక్రోటు రొట్టె కోసం పిండి కలిపి వంటింటి బల్ల మీద పెట్టిందట. ఇల్లు మైలు దూరం నడిచినా పిండి పొంగు మాత్రం కుంగలేదట. దిగగానే పొయ్యి రాజేసి కాల్చి, లాగినవాళ్ళందరికీ పెట్టిందట.

"అబద్ధం," అంది కోరా.

"చూద్దువుగా," అంది మార్లిస్.

సంచి ఆ రోజంతా గుమ్మం దగ్గరే ఉంది. మర్నాడు గదిలోకి వెళ్ళింది గానీ, ముడి విప్పలేదు.

ఆ తర్వాతి వారం కొత్తింటిని చూడడానికి కిర్‌స్టెన్ వచ్చింది. నగరం నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్ల, శుభ్రమైన బూట్లు. ఫోనులో చెప్పిన చిరునామా పట్టుకుని ఊరికి తూర్పువైపున్న స్థలానికి వచ్చి చూస్తే అక్కడ పెద్ద గొయ్యి, గొయ్యి చుట్టూ సిమెంటు గోడ, అడుగున వాన నీళ్ళు. ఆ నీళ్ళని బకెట్టుతో ఎత్తిపోస్తూ రూడీ, ఒడ్డున మార్లిస్.

"మార్లిస్ గారూ, ఇల్లేదండీ?" అంది.

"వస్తుంది."

"ఇంకా కట్టలేదా? అక్టోబరు లోపల అయిపోతుందంటారా?"

"కట్టడమేంటి అమ్మాయ్, మా తాత కట్టాడు. అదిగో, ఆ గుట్ట అవతలుంది. తెచ్చుకుంటాం."

గోతిలోంచి రూడీ తలెత్తి, "కాస్త అటు జరగమ్మా, నువ్వు నిలబడ్డది మా పొయ్యి మీద," అన్నాడు.

కిర్‌స్టెన్ నిజంగానే ఓ అడుగు జరిగింది. ఆ తర్వాత విషయం అర్థమై నవ్వింది. నవ్వు ఆగాక ముఖం మారిపోయింది. లైసెన్సు ఊరికే మనిషికిచ్చేది కాదని, ఊరికే ఇంటికిచ్చేది కాదని చెప్పింది. ఆ చోట, ఆ ఇంట్లో, ఈ మనుషులు ఉన్నారని చూసి ఇచ్చేది. చోటు మారితే ఆ లైసెన్సు చెల్లదు, కొత్త చోట అంతా మళ్ళీ చూసి కొత్తది ఇవ్వాలి. లైసెన్సు లేని ఇంట్లో పిల్ల నిద్రపోవడానికి వీల్లేదు.

"అవే గోడలు, అవే కిటికీలు, అవే మెట్లు. పోయినేడాదేగా మీవాళ్ళు వచ్చి కొలతలేసి చూసుకున్నారు? మళ్ళీ చూడ్డానికేముంది?" అని మార్లిస్ గట్టిగానే అడిగింది.

ఇల్లు దూలాల మీద నిలబడి ఉన్నన్నాళ్ళూ నీళ్ళుండవు, కరెంటుండదు, దిగడానికి మెట్లుండవు, అలాంటి చోట పిల్లని ఉంచమంటారా అని కిర్‌స్టెన్ నెమ్మదిగా అడిగింది. ఆ రోజులకి దూరాన ద్యులూత్ పట్నంలో వేరే కుటుంబం ఉంది, అక్కడ మంచం ఖాళీగా ఉంది, కొన్నాళ్ళపాటే కదా అంది కిర్‌స్టెన్.

"ఆ కొన్నాళ్ళనే మాట పిల్ల ముందు మాత్రం అనొద్దు. ఆరు ఇళ్ళలోకీ దాన్ని ఆ మాట చెప్పే పంపించారు."

అసలు చిక్కు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ద్యులూత్ వెళ్తే అక్కడ బడిలో వేస్తారు. చలికాలంలో, పిల్ల ఎక్కడ ఉండాలన్న కేసు జడ్జిగారి ముందుకు వస్తుంది. పిల్ల అక్కడ కుదురుకుంది కదా, మళ్ళీ ఎందుకు కదపడం అని ఆయన అడుగుతాడు. అడిగితే తప్పు పట్టలేం కూడా. అంటే కోరా ఈ గుమ్మం దాటితే తిరిగి రావడం కల్ల.

కిర్‌స్టెన్ కారెక్కి వెళ్ళిపోయాక రూడీ మోకాళ్ళు పట్టుకుని నిచ్చెనెక్కి పైకొచ్చి ఏం చేద్దామన్నాడు.

"ఇల్లు కదులుతుంది. పిల్ల కదలదు," అంది మార్లిస్.

మార్లిస్ పట్టు పట్టిందంటే ఉడుంపట్టే. ఆ సంగతి మా వైపు కంపెనీకి తెలుసు, పాదిరీగారికి తెలుసు, చివరికి కౌంటీ ఆఫీసుకీ తెలిసొచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ తాగి ఆఫీసులో పెద్దాయనకి ఫోన్ చేసేది. ఆయన రూలు చదివి వినిపించేవాడు. మర్యాదగా విని, థాంక్సు చెప్పి, మర్నాడు మళ్ళీ చేసేది. మధ్యలో ఊళ్ళో తిరిగి నీళ్ళ కనెక్షనువాళ్ళ వెంట పడింది, కరెంటువాళ్ళ వెంట పడింది. ఇల్లు దిగిన రోజే రెండూ కలిపేలా వాళ్ళ చేత ఒట్లు పెట్టించుకుంది. ఆ తర్వాత ఇల్లు లాగే ఓన్ని లాహ్తీ దగ్గరికి వెళ్ళి, పొద్దున లేపి సాయంత్రానికల్లా దించెయ్యగలవా అని అడిగింది.

ఓన్ని ఫిన్లాండు వంశంవాడు, మాటకీ మాటకీ మధ్య ఓ కాఫీ తాగొచ్చు. తాత నాటి నుంచీ వాళ్ళింటి పని ఇదే. "పునాది మీద ఇంటిని దించడమంటే కోడిపెట్టని పొదగేయడం లాంటిది మార్లిస్. తొందరపెడితే పగిలేది గుడ్లే," అన్నాడు చివరికి. లాగడానికి ఒక రోజు, చెక్క దిమ్మెలు ఒక్కొక్కటే తీస్తూ దించడానికి రెండు మూడు రోజులు. ఒక్క పూట కూడా తగ్గేది లేదన్నాడు.

ఆ రెండు మూడు రాత్రులు పిల్ల ఎక్కడ పడుకోవాలో ఆమెకి తోచలేదు. మిగతావన్నీ సర్దింది గానీ వాటికి మందు దొరకలేదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక రూడీ మీద చూపించింది. ముప్పై ఏళ్ళ అలవాటు కాబట్టి అతను గరాజులోకి వెళ్ళి ఏదో ఒకటి బాగు చేసుకుంటూ కూర్చునేవాడు.

ఇల్లు లేపడానికి ఓ వారం ముందర ఫోన్ మోగింది. ఈసారి చేసింది కిర్‌స్టెన్.

"మార్లిస్ గారూ, మీరు పిల్లల్ని క్యాంపింగుకి తీసుకెళ్తుంటారా?"

"ప్రతి వేసవీ వెళ్తాం. ఎందుకూ?"

"అక్టోబరులో వెళ్తారా?"

"ఇక్కడ కొంప కదులుతుంటే క్యాంపింగేంటి అమ్మాయ్, నీకేమన్నా..." అని మార్లిస్ సగంలో ఆగిపోయింది.

కిర్‌స్టెన్ గొంతు తగ్గించలేదు, దాచి చెప్పాల్సినదేమీ లేదు కనక. ఫాస్టర్ తల్లిదండ్రులు తమ పిల్లని నాలుగు రాత్రులు ఎక్కడికైనా వెంట తీసుకెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదంది. ఎక్కడున్నారో తనకి చెబితే చాలు.

"ఇంకోటి వినండి. రూలు లెక్కన మీరు మారినట్టు ఎప్పుడంటే, ఆ కొత్త చోట ఆ ఇంట్లో మొదటిసారి నిద్ర చేసినప్పుడు. ఇల్లు ఏ రోజు కదిలిందని అందులో ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి ఇళ్ళు కదులుతాయని తెలీదు కాబోలు. నేను మొత్తం మళ్ళీ మళ్ళీ చదివాను."

"పెద్దాయన ఒప్పుకున్నాడా?"

"అక్టోబరు చలిలో గుడారంలో పడుకునే పిచ్చివాళ్ళు ఎవరున్నారని అడిగారు. గనుల వైపువాళ్ళండీ అన్నాను. ఇంక మాట్లాడలేదు."

అయితే షరతు ఒకటుంది. శుక్రవారం సాయంత్రం తను వచ్చి చూసేసరికి ఇల్లు పునాది మీద ఉండాలి, నీళ్ళు రావాలి, దీపాలు వెలగాలి, చూసేవన్నీ సరిగ్గా ఉండాలి. ఉంటే అక్కడికక్కడే కొత్త లైసెన్సు. లేకపోతే ఆ రాత్రికి కోరా ద్యులూత్‌లో పడుకుంటుంది. అందులో తను చేయగలిగింది లేదని కిర్‌స్టెన్ స్పష్టంగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక మార్లిస్ వంటింట్లో కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చింది. శుభ్రమైన బూట్ల పిల్లని తను ఎన్నెన్ని మాటలు అనుకుందో గుర్తొచ్చి సిగ్గుపడింది కూడా.

మంగళవారం తెల్లారేసరికి ఇల్లు నేల మీంచి లేచి చక్రాల మీద నిలబడి ఉంది. బడిపిల్లలు రోడ్డు వారన బారులు తీరారు. మా వైపు ఇల్లు వెళ్తుంటే పంతుళ్ళు పాఠం ఆపి మరీ తీసుకొస్తారు. లారీ కదలబోయే ముందు కోరా గబగబా నిచ్చెనెక్కి వంటింట్లోకి దూరి వచ్చింది. ఏం చేశావంటే, సీసాలో నీళ్ళు గాజు గ్లాసు నిండా పోసి బల్ల మీద పెట్టానంది. పిండి కథ నిజమో కాదో తేల్చుకోదలచిందన్నమాట. నల్ల సంచిని మాత్రం ఇంట్లో పెట్టలేదు. గుడారంలోకి తెచ్చి తలగడ చేసుకుంది.

ఇల్లు బయల్దేరింది. తెర వేసిన కిటికీలతో, ముందరి వరండాలో రూడీ మర్చిపోయిన కుర్చీతో, మనిషి నడకన వెళ్ళింది. రైలు పట్టాలు బాగానే దాటింది. ఆ పక్క మలుపులో ముందురోజు వానకి రోడ్డంచు మెత్తబడి ఉంది. కుడివైపు చక్రాలు మట్టిలో దిగబడ్డాయి. ఇల్లంతా ఓ పక్కకి ఒరిగి కిర్రుమని ఆగిపోయింది.

ఓన్ని చుట్టూ తిరిగి చూశాడు. తడి ఆరాలి, పెద్ద జాకీలు రావాలి, సోమవారం అన్నాడు.

"శుక్రవారం," అంది మార్లిస్.

"మట్టికి నీ శుక్రవారాలు తెలీవు మార్లిస్."

"నీకు తెలుసుగా. అది చాలు."

ఆమె కారేసుకుని లోకేషన్‌కి పోయింది. ఇంకా అక్కడ మిగిలిన ఇళ్ళన్నిటి తలుపులూ తట్టింది. రిటైరైన గనివాళ్ళు పారలతో వచ్చారు, గరాజుల్లో మూలనపడ్డ దుంగలు ట్రక్కుల్లో వేసుకొచ్చారు. ఆడవాళ్ళు సూపు గిన్నెలతో వచ్చారు. బుధవారమంతా బురద తవ్వి దుంగలు పరిచారు. ఇలా కాదు అలా అని ముసలాళ్ళందరూ ఒకర్నొకరు తిట్టుకున్నారు. సాయంత్రానికి చక్రాలు పైకి లేచాయి. ఈవిడకి ఎదురు చెప్పేకన్నా ఇంటిని ఎత్తడమే సులువని ఓన్ని తన కుర్రాళ్ళతో అన్నాడట.

సోమవారం రాత్రే స్కూబిక్ కుటుంబం కొత్త స్థలంలో, గోతి పక్కన, రూడీ వేట గుడారంలో కాపురం పెట్టింది. పొద్దున్నే బడి బస్సు వచ్చి గుడారం ముందు హారన్ కొట్టేది. డ్రైవరు కోరాని ఏమమ్మా రాణీ, కోట ఇంకా రాలేదా అని ఆటపట్టించేవాడు. గురువారం పొద్దున గుడ్డ మీద మంచు పేరుకుంది. చిన్న పొయ్యి మీద జావ ఉడుకుతుంటే కోరా సంచి మీద కూర్చుని, ఇంకా రోడ్డు మీదే ఉన్న ఇంటివైపు చూస్తూ అడిగింది.

"తేతా, శుక్రవారానికి దిగకపోతే?"

దిగుతుందిలే అని చెప్పి ఊరుకోవచ్చు. ఆ పిల్లకి అలాంటి మాటలు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. మార్లిస్ గరిటె పక్కన పెట్టింది.

"దిగకపోతే నిన్ను ద్యులూత్ పంపమంటారు. పంపడం నా చేతిలో లేని పని. కానీ నేనూ వస్తాను. ఈ గుడారం వాళ్ళ గుమ్మం ముందు వేసుకుంటాను. పోలీసుల్ని పిలిస్తే వాళ్ళకీ జావ పోస్తాను."

"రూడీ?"

"లాక్కొస్తాం. చక్రాలున్నాయిగా."

కోరా నవ్వింది. ఆ పిల్ల పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి.

గురువారం సాయంత్రానికి ఇల్లు పునాది మీదికి చేరింది. తగ్గేది లేదన్న ఓన్నీ కుర్రాళ్ళూ లాంతర్లు పెట్టుకుని రాత్రంతా దిమ్మెలు తీస్తుంటే, కొద్దికొద్దిగా కిందికి దిగుతూ శుక్రవారం మధ్యాహ్నానికి కూర్చుంది. నీళ్ళవాళ్ళు ఒట్టు నిలబెట్టుకున్నారు, కరెంటువాళ్ళూ వచ్చారు. రూడీ కొత్త చెక్కమెట్లు బిగించి, వాటికి కటకటాలు కొట్టాడు. కోరా అందరికన్నా ముందు లోపలికి పరిగెత్తింది. గ్లాసు బల్ల మీదే నిలబడి ఉంది. నీళ్ళు సగానికి పైగా మిగిలాయి. చుట్టూ తడి ఆరిన మరక.

"ఒలికింది," అంది కోరా, దొంగని పట్టినట్టు.

"అమ్మమ్మ పిండి కూడా కొంచెం కుంగే ఉంటుందిలే. మాకు చెప్పలేదంతే," అని మార్లిస్ ఒప్పేసుకుంది.

కిర్‌స్టెన్ చెప్పిన వేళకే వచ్చింది. ఈసారి రబ్బరు బూట్లు వేసుకుంది. పొగ గంటలన్నీ మోగించింది. వేన్నీళ్ళు చేత్తో చూసింది. తుపాకి బీరువా లాగి చూసింది. కటకటాల మీద తన బరువంతా వేసి ఊపింది, రూడీ గుడ్లప్పగించి చూస్తున్నా వదల్లేదు. అన్నీ సరిపోయాయి. చివరికి కోరా గదిలోకి వెళ్ళి కిటికీ పైకెత్తబోయింది.

కిటికీ లేవలేదు. రెండు చేతులతో ఎత్తినా లేవలేదు. మలుపులో ఇల్లు ఒరిగినప్పుడు చట్రం మెలితిరిగి తలుపు బిగుసుకుపోయింది.

అవే గోడలు, అవే కిటికీలు, మళ్ళీ చూడ్డానికేముంది అన్న తన మాటలే మార్లిస్ చెవుల్లో మోగాయి. ఆ గదిలో నిప్పంటుకుంటే ఈ పిల్ల ఎటు పోయేదో అనుకుంటూ తనూ వచ్చి కిటికీ ఎత్తి చూసింది.

"ఇది తెరుచుకోకపోతే నేను సంతకం పెట్టలేను మార్లిస్ గారూ," అంది కిర్‌స్టెన్. ఆ గొంతులో కాఠిన్యం లేదు, భయం ఉంది.

"పెట్టొద్దు," అంది మార్లిస్. "పెడితే నేనే ఊరుకోను. కూర్చో, కాఫీ తాగు. రూడీ, తోపడా తీసుకురా."

రూడీ మోకాళ్ళు విరుచుకుంటూ వచ్చి కిటికీ తలుపు ఊడదీసి, అంచులు చిత్రిక పట్టాడు. పెట్టి చూశాడు, పట్టలేదు. తీసి మళ్ళీ పట్టాడు. ఆఫీసు మూసే వేళ దాటిపోయింది. బయట వెలుగు తగ్గుతోంది. కిర్‌స్టెన్ గడియారం చూసుకోలేదు, ద్యులూత్‌కి ఫోనూ చెయ్యలేదు. కాఫీ చల్లారిపోయినా కప్పు పట్టుకునే కూర్చుంది. కోరా గోడకి ఆనుకుని నిలబడి రాలుతున్న చెక్కపొట్టునే చూస్తోంది. ఆఖరికి తలుపు జర్రున పైకి లేచింది. రూడీ పక్కకి తప్పుకున్నాడు.

"నేను తెరిస్తే లెక్కలోకి రాదు. కోరా, నువ్వు తెరువు," అంది కిర్‌స్టెన్.

కోరా తలుపు దించి, మళ్ళీ తనే ఎత్తింది. తల బయటపెట్టి గుడారం వైపు చూసింది. కిర్‌స్టెన్ కాగితాలు మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. మార్లిస్ తన సంతకం పెడుతుంటే రూడీ కాగితం కదలకుండా పట్టుకున్నాడు.

కిర్‌స్టెన్ లేవబోతుంటే కోరా దారికడ్డంగా వచ్చి నిలబడింది.

"నా గురించి రాసే చోట, ఇది ఏడోదా?"

ఆ పిల్ల ఏమడుగుతోందో కిర్‌స్టెన్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. పిల్ల ఎన్ని ఇళ్ళు మారిందో లెక్క ఉంటుంది కదా, ఏ పిల్లయినా ఆ లెక్క తప్పదు.

"కాదు. చిరునామా మార్చి రాస్తానంతే. లెక్క ఆరే," అంది.

కోరా తలూపింది. తిన్నగా గుడారం దగ్గరికి వెళ్ళి సంచి మోసుకొచ్చి గదిలో తలుపేసుకుంది.

కిర్‌స్టెన్ కారు వెళ్ళిపోయింది. మార్లిస్, రూడీ గుడారం విప్పడానికి బయటికెళ్ళారు. నాలుగు రోజుల కాపురం కదా, చుట్టూ చెత్త బాగానే పేరుకుంది. కాగితపు పళ్ళాలు, ఖాళీ డబ్బాలు, ముసలాళ్ళు తాగి పడేసిన కాఫీ కప్పులు. మార్లిస్ నడుం పట్టుకుని లేచి, ఇంటివైపు తిరిగి, వంటింట్లోంచి చెత్తకి ఏదైనా సంచి తెచ్చిపెట్టమని కేకేసింది.

కోరా కొత్త మెట్లు దిగి వచ్చింది. చేతిలో నల్ల సంచి ఉంది, ఖాళీది. మూతి దగ్గర ముడి వేసి వేసి నలిగిన గుర్తులున్నాయి. మార్లిస్ దాన్ని చూసి గుర్తుపట్టింది. కోరా సంచి మూతి రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

"వెయ్యి తేతా," అంది. "చేతులు నొప్పెడుతున్నాయి."